ఇద్దరు గురువులు, పన్నెండు మెట్లు

ఈసారి ఉత్తరం రాసిన పాఠకుడికి 43 ఏళ్ళు. పేరు వెయ్యొద్దన్నారు. చిన్నప్పటి కోరిక తీర్చుకుందామని ఐదేళ్ళ క్రితం పియానో మొదలుపెట్టారు. నాలుగున్నరేళ్ళు ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నారు. ఉత్తరం నిండా ఆయన్ని 'పెద్ద మాస్టారు' అనే రాశారు. చూపు బాగా తగ్గడంతో పెద్ద మాస్టారు పాఠాలు మానేశారు. ఆరు నెలల నుంచి ఈయన కొత్త టీచర్ దగ్గరికి వెళ్తున్నారు. ఇంకో తొమ్మిది వారాల్లో పరీక్ష ఉంది. అందులో క్రొమాటిక్ స్కేల్ (నల్లవీ తెల్లవీ ఒక్కటీ వదలకుండా మెట్లన్నీ వరసగా), రెండు ఆక్టేవ్‌లు (ఒక సి నుంచి తర్వాతి సి దాకా ఒక ఆక్టేవ్), రెండు చేతులు కలిపి వాయించాలి. పియానో తెలియనివాళ్ళకు ఒక మాట: వేళ్ళకు నంబర్లుంటాయి, రెండు చేతుల్లోనూ బొటనవేలు 1, చిటికెనవేలు 5. తెల్ల మెట్ల పేర్లు వరసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. షార్ప్ అంటే ఆ తెల్ల మెట్టుకు కుడి పక్కనున్న నల్లది. ఉత్తరం చాలా పెద్దది. ముఖ్యమైన భాగం ఇది:

"పెద్ద మాస్టారు నేర్పిన పద్ధతి తేలిక. నల్ల మెట్టు ఏదైనా మధ్యవేలు, తెల్ల మెట్టు ఏదైనా బొటనవేలు. రెండు తెల్లవి పక్కపక్కన వచ్చే చోట మాత్రం చూపుడువేలు సాయం వస్తుంది. కొత్త టీచర్ గారు మొదటి పాఠంలోనే 'ఇది పిల్లల పద్ధతి, దీంతో స్పీడ్ రాదు' అన్నారు. కుడి చేతికి సి నుంచి 1-2-3-4, 1-2-3, 1-2-3-4-5 అని కొత్త నంబర్లు రాసిచ్చారు. ఎడమ చేతికి అదే అద్దంలో చూసినట్టు తిరగేసి ఇచ్చారు. ఆరు నెలలైంది. పాతది పోలేదు, కొత్తది రాలేదు. పరీక్షకి మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 80 మీద, అంటే నిమిషానికి 80 బీట్లు, బీట్‌కి నాలుగు స్వరాలు రావాలి. 60 దాకా ఎలాగో నెట్టుకొస్తాను. 72 దగ్గర కుప్పకూలిపోతాను, అదీ ప్రతిసారీ ఒకే చోట, రెండో ఆక్టేవ్ మొదలయ్యే దగ్గర. మా అమ్మాయి పక్క గదిలోంచి 'నాన్నా, మళ్ళీ అక్కడే ఆగావు' అంటుంది. ఫోన్‌లో వీడియో తీసి, ఏ మెట్టు మీద ఏ వేలు పడుతోందో రాసుకున్నాను. కుడి చెయ్యి ఆ చోటుకు వచ్చేసరికి ఇలా ఉంది: జి మీద 1, జి షార్ప్ మీద 2, ఎ మీద 3, ఎ షార్ప్ మీద 4, బి మీద 1, సి మీద 1. ఎడమ చెయ్యి పైకి వెళ్ళేటప్పుడు ఇ మీద 1, ఎఫ్ మీద 2 పెట్టి చిక్కుకుపోతోంది. ఇరవై నిమిషాలు వాయిస్తే కుడి బొటనవేలి మొదట్లో లాగుతోంది.

ఇంకో మాట చెప్పాలి. నా స్కేల్స్ పుస్తకంలో పెద్ద మాస్టారు తన చేత్తో పెన్సిల్‌తో రాసిన నంబర్లున్నాయి. కన్ఫ్యూజ్ అవుతున్నారు, వాటిని చెరిపేయండి అన్నారు టీచర్ గారు. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. చెరపలేకపోయాను. అసలు ఏది కరెక్ట్? ఎవరి మాట వినాలి?"

చివర తాజా కలంలో రెండు చిన్న ప్రశ్నలు అడిగారు. లావు వేళ్ళు నల్ల మెట్ల మధ్య ఇరుక్కుంటున్నాయి, ఏం చెయ్యాలి అని ఒకటి. బీథోవెన్ రచన 'ఫర్ ఎలీస్' చివర్లో కిందికి దిగే పరుగు ఏ వేళ్ళతో వాయించాలి అని రెండోది.

*

ముందుగా ఆ పుస్తకం సంగతి. చెరపకండి. ఆ పేజీలు జిరాక్స్ తీయించుకోండి. కొత్త నంబర్లు ఏవైనా సరే ఆ కాపీ మీద రాసుకోండి. క్లాసుకు కాపీ తీసుకెళ్ళండి, పుస్తకం ఇంట్లో ఉంచండి. టీచర్ గారు అడిగింది మీ కళ్ళ ముందు ఒకే వరస నంబర్లు ఉండాలని. ఆ మాట సబబే. దానికోసం మాస్టారి చేతిరాత పోగొట్టుకోనక్కర్లేదు.

ఇక అసలు విషయం. మీరు రాసిన వేళ్ళ వరస చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మీ కష్టం ఎక్కడుందో ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. వీడియో తీసి రాసుకోవాలన్న ఆలోచన చాలామంది విద్యార్థులకు రాదు.

మళ్ళీ చూడండి. జి మీద 1, జి షార్ప్ 2, ఎ 3, ఎ షార్ప్ 4. ఇక్కడిదాకా కొత్త టీచర్ గారి పద్ధతి. ఆ పద్ధతిలో తర్వాత బి మీద 5 రావాలి, ఆపైన సి మీద 1 రావాలి. పెద్ద మాస్టారి పద్ధతిలో అయితే బి మీద 1, సి మీద 2. మీ చెయ్యి వాయించింది బి మీద 1, సి మీద 1. అంటే బి మాస్టారిది, సి టీచర్ గారిది. ఇద్దరి బొటనవేళ్ళూ పక్కపక్క మెట్ల మీద కలుసుకున్నాయి. ఒకే బొటనవేలు వెంటవెంటనే రెండు మెట్లు నొక్కాలంటే మొదటిది వదిలి ఎగరాల్సిందే. 60లో ఎగరడానికి టైమ్ ఉంది. 72లో లేదు. మీ అమ్మాయికి వినిపించే ఆగడం అదే.

కాబట్టి మీకు వేగం లేదనడం సరికాదు, వయసు వల్ల చెయ్యి మొండికేస్తోందనడం అసలే సరికాదు. రెండు మంచి పద్ధతులు పరుగు మధ్యలో ఒకదానిలోకి ఒకటి జారిపోతున్నాయి. రెండూ కరెక్టే. కలిపి వాయిస్తే మాత్రం రెండూ పనికిరావు.

పాతదాన్ని పిల్లల పద్ధతి అనడం నేను ఒప్పుకోలేను. పెద్ద పెద్ద రచనలు వాయించేవాళ్ళు కూడా రోజూ వాడే ఫింగరింగ్ (ఏ మెట్టుకు ఏ వేలు అన్న వరస) అది. దాని బలమేమిటో చూడండి. ఆక్టేవ్‌లో మొత్తం పన్నెండు మెట్లు, ఏడు తెల్లవి, ఐదు నల్లవి. ఐదు నల్లవాటికీ 3. తెల్లవాటిలో డి, జి, ఎ మూడూ రెండు నల్ల మెట్ల మధ్య ఉంటాయి, వాటికి 1. మిగిలినవి ఇ-ఎఫ్, బి-సి జంటలు. కుడి చేతికి ఈ జంటల్లో 1-2, అంటే ఇ మీద 1, ఎఫ్ మీద 2. బి మీద 1, సి మీద 2. ఎడమ చేతికి తిరగబడుతుంది: ఇ మీద 2, ఎఫ్ మీద 1, బి మీద 2, సి మీద 1. అంతే, ఇంకేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏ మెట్టు మీద మొదలుపెట్టమన్నా, పైకి వెళ్ళమన్నా, కిందికి రమ్మన్నా మెట్టును బట్టి వేలు ఖాయం. మొదలుపెట్టే మొదటి సి మీద కుడి చెయ్యి 1 పెట్టినా ఫరవాలేదు, దానికి ముందు ఏమీ లేదు కదా. రెండో ఆక్టేవ్ సి మీద మాత్రం 2 రావాల్సిందే. మొదటి సిలో అలవాటైన 1ని రెండో సి దగ్గరా పెట్టెయ్యడం ఈ పద్ధతిలో అందరూ చేసే తప్పు. మీ విషయంలో ఆ పాత పొరపాటుకు కొత్త పద్ధతి కూడా తోడైంది.

రెండు చేతులు కలిపితే దీని విలువ ఇంకా తెలుస్తుంది. పన్నెండు మెట్లలో ఎనిమిదింటి మీద రెండు చేతులకూ ఒకే నంబరు: ఐదు నల్లవి, డి, జి, ఎ. తేడా వచ్చేది నాలుగు చోట్లే, ఇ, ఎఫ్, బి, సి. మీ ఎడమ చెయ్యి ఇ-ఎఫ్ దగ్గర 1-2 పెడుతోందన్నారు. అది పక్కనున్న కుడి చేతిని చూసి కాపీ కొడుతోంది. పైకి వెళ్ళే ఎడమ చేతికి ఎఫ్ మీద 2 పడితే, తర్వాతి ఎఫ్ షార్ప్ మీదికి 3 ఎలా వస్తుంది? చూపుడువేలి మీదుగా దూకాలి. అందుకే అక్కడ చిక్కు.

కొత్త టీచర్ గారి మాటలో ఉన్న నిజం కూడా చూడాలి. మాస్టారి పద్ధతిలో (ఇక దీన్ని 1-3 పద్ధతి అందాం) బొటనవేలు ఒక ఆక్టేవ్‌లో 5 సార్లు నొక్కుతుంది. ఆవిడ ఇచ్చిన దాంట్లో సి, ఇ, జి మీద 3 సార్లే. మెట్రోనోమ్ 120, బీట్‌కి నాలుగు స్వరాలు అనుకోండి. సెకనుకు 8 స్వరాలు, ఆక్టేవ్ ఒకటిన్నర సెకన్లలో అయిపోతుంది. అంతలో ఐదుసార్లు కదిలే బొటనవేలికీ, మూడుసార్లు కదిలే బొటనవేలికీ చాలా తేడా ఉంది. పైగా బొటనవేలు బరువైనది. అది పడ్డప్పుడల్లా స్వరం కాస్త గట్టిగా వినిపిస్తుంది. డి, ఇ, జి, ఎ, బి మీద చిన్న చిన్న దెబ్బలు పడి, గాలిలా సాగాల్సిన పరుగు గతుకుల రోడ్డులా అవుతుంది. వేగంగా, మెత్తగా, ఒక చేత్తో దూసుకుపోయే పరుగు కావాలంటే నాలుగైదు వేళ్ళను ఒక గుంపుగా వాడే ఫింగరింగ్ నిజంగా బాగుంటుంది. ఆవిడ అక్కడిదాకా ఆలోచించి చెప్పారు.

దాని ఖరీదు కూడా తెలుసుకోండి. బి మీద చిటికెనవేలు పడ్డాక దాని కిందనుంచి బొటనవేలు సి మీదికి రావాలి. వేగంలో చెయ్యి మొత్తం పక్కకి జరిగి ఆ పని చేసేస్తుంది, చెవికి తెలియదు. నిదానంగా, స్వరం విడవకుండా వాయించాల్సిన చోట మాత్రం ఆ అతుకు వినిపిస్తుంది. రెండోది, చేతులు కలిపినప్పుడు ఇబ్బంది. టీచర్ గారు ఎడమ చేతికి ఇచ్చిన అద్దం వరసలో ఇ 1, డి షార్ప్ 2, డి 3, సి షార్ప్ 4, సి 1, అలా కిందికి వెళ్తుంది. దాన్ని కుడి చేతి పక్కన పెట్టి లెక్కేశాను. రెండు చేతులూ ఒకే దిక్కుకు వెళ్తున్నప్పుడు ఒకే వేలు పడే మెట్లు సి, డి, ఇ, జి షార్ప్. నాలుగంటే నాలుగే. పాత పద్ధతిలో ఎనిమిది కలుస్తాయి, కొత్త పద్ధతిలో నాలుగు కలుస్తాయి. మీ పరీక్ష ఉన్నదేమో రెండు చేతులు కలిపి.

చేతులు ఎదురెదురు దిక్కులకు వెళ్ళే క్రొమాటిక్ అడిగితే లెక్క మారిపోతుంది. డి మీద గానీ జి షార్ప్ మీద గానీ రెండు చేతులూ కలిసి మొదలుపెడితే కీబోర్డు అటూ ఇటూ ఒకేలా ఉంటుంది, రెండు పద్ధతుల్లోనూ వేళ్ళు అచ్చంగా ఒకటే పడతాయి. విసుగొచ్చినప్పుడు డి నుంచి అలా వాయించి చూడండి. ఎడమ చెయ్యి ఎంత తెలివైనదో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను. ఏది తీసుకోవాలో మీరే తేల్చుకోండి.

పరీక్ష అయ్యేదాకా పెద్ద మాస్టారి పద్ధతిలోనే ఉండటం ఒక దారి. నాలుగున్నరేళ్ళ అలవాటు చేతిలో ఉంది, బాగు చెయ్యాల్సింది రెండే రెండు చోట్లు. 80 వేగానికి అది ధారాళంగా సరిపోతుంది. ఆ వేగంలో ఆక్టేవ్‌కి రెండుంపావు సెకన్లు పడుతుంది, బొటనవేలు ఐదుసార్లు హాయిగా కదలొచ్చు. టీచర్ గారికి ముందే చెప్పి ఒప్పించాలి, ఆ ఒక్కటే ఇబ్బంది. పరీక్షల్లో సాధారణంగా చూసేది పరుగు సమంగా, తడబడకుండా వినిపించిందా అనే. అయినా మీ పరీక్ష నియమాలు ఒకసారి చదువుకోండి, నిశ్చింతగా ఉంటుంది.

పూర్తిగా కొత్త పద్ధతికి మారిపోవడం ఇంకో దారి. మారితే నిజంగా మారాలి. పాత ఫింగరింగ్‌తో ఒక్కసారి కూడా వాయించకూడదు, 'ఒకసారి పాతదాంతో చూద్దాం' అనుకోవడం కూడా వద్దు. మొదటి కొన్ని వారాలు 60 కూడా రాదు, దానికి సిద్ధపడాలి. భయమేమిటంటే, పరీక్ష గదిలో టెన్షన్ వచ్చినప్పుడు చెయ్యి తనకు బాగా పాతదైన దాన్నే వెతుక్కుంటుంది. అప్పుడు బి మీద మళ్ళీ బొటనవేలు పడుతుంది. తొమ్మిది వారాలు కాక తొమ్మిది నెలలు ఉంటే నేను ఈ దారిని ఇంతగా భయపడుతూ చెప్పేదాన్ని కాదు.

మూడోది, రెండిటినీ ఉంచుకుని ఎక్కడ ఏది అని పంచుకోవడం. స్కేల్స్, చేతులు కలిపి వాయించేవి, నిదానమైనవి 1-3తో. రచనల్లో కుడి చెయ్యి ఒక్కటే వేగంగా పరిగెత్తే చోట కొత్తది. అనుభవం ఉన్నవాళ్ళు చివరికి చేసేది ఇదే. ఈ దారిలో ప్రతి పరుగు మీదా నంబర్లు రాసి ఉండాలి. వాయిస్తూ ఉండగా నిర్ణయించుకునే పని ఉండకూడదు. మీ చేతులు ఇప్పుడు చేస్తున్నది ఆ పనే.

మధ్యేమార్గం ఒకటుంది. టీచర్ గారితో కూర్చుని చూడండి, ఆవిడకు నచ్చవచ్చు. కుడి చేతికి ఇ 1, ఎఫ్ 2, ఎఫ్ షార్ప్ 3. జి 1, జి షార్ప్ 2, ఎ 3, ఎ షార్ప్ 4. బి 1, సి 2, సి షార్ప్ 3. డి 1, డి షార్ప్ 2, మళ్ళీ ఇ 1. బొటనవేలు ఆక్టేవ్‌కి నాలుగుసార్లే పడుతుంది, పడిన ప్రతిసారీ దానికి ముందు స్వరం నల్ల మెట్టు మీద ఉంటుంది. పై వేలు ఎత్తులో ఉన్నప్పుడు కిందనుంచి బొటనవేలు జారడం సుఖం. బి-సి, ఇ-ఎఫ్ జంటల్లో వేళ్ళు మాస్టారు నేర్పినవే, 1-2. మీ చెయ్యి బి మీద బొటనవేలు కోసం ఎలాగూ తహతహలాడుతోంది. ఇందులో దానికి ఆ కోరిక తీరుతుంది.

నా మనసు ఎటుందో కూడా దాచను. మీ చోట నేనుంటే పరీక్షకి మాస్టారి పద్ధతి, పరీక్ష అయ్యాక కుడి చేతికి ఈ మధ్యేమార్గం. కానీ ఆరు నెలలు కష్టపడి నేర్పుతున్న టీచర్ గారి మాట పక్కన పెట్టి మౌనంగా మీ దారిన మీరు పోవద్దు. ఆవిడకి ఆ వీడియో చూపించండి. "మేడమ్, నేను రెండూ కలిపేస్తున్నాను, ఇదిగో ఇక్కడ బి మీద పాతది, సి మీద కొత్తది. పరీక్షకి ఒక్కదానితోనే వెళ్తాను. నాకు టైమ్ చాలదేమోనని భయంగా ఉంది, మీరేమంటారు?" అని అడగండి. స్పీడ్ రాదు అని ఆవిడ అన్నది ఆ మెట్టు దగ్గర మీరు కూలిపోవడం విని అయ్యుండొచ్చు. కారణం కళ్ళారా చూస్తే ఆవిడ సలహా కూడా మారొచ్చు. మారకపోతే, 'ఎందుకు' అని ఆవిడ చెప్పే కారణం వినండి. మీ చేతిని రోజూ చూస్తున్నది ఆవిడ. నేను ఉత్తరం మాత్రమే చూశాను.

మాస్టారికి ద్రోహం చేస్తున్నానేమో అన్న బాధ మీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాటతో లేదు గానీ ప్రతి పేరాలోనూ కనిపించింది. ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. జర్మన్ స్వరకర్త కార్ల్ ఫిలిప్ ఇమ్మాన్యుయేల్ బాఖ్ కీబోర్డు వాయించే విధానం మీద 1753లో ఒక పుస్తకం వేశాడు. అందులో తన తండ్రి యోహాన్ సెబాస్టియన్ బాఖ్ చెప్పిన మాట రాశాడు. తండ్రి చిన్నతనంలో విన్న గొప్ప గొప్ప వాద్యకారులు చెయ్యి బాగా చాపాల్సి వస్తే తప్ప బొటనవేలు వాడేవారే కాదట. సంగీతం మారింది, కొత్త కొత్త స్వరాలు వేళ్ళ కిందికి వచ్చాయి, తండ్రి బొటనవేలికి పని కల్పించాడు, కొడుకు దాన్ని పాఠంగా రాశాడు. సరే అని అది అక్కడ ఆగిందా? 1833లో అచ్చయిన షోపాన్ ఎట్యూడ్‌లలో (సాధన కోసం రాసిన రచనలు), ఓపస్ 10 అనే సంపుటిలో రెండోది చూడండి. అందులో కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు కింద వేరే స్వరాలతో తీరిక లేకుండా ఉంటాయి. క్రొమాటిక్ పరుగంతా 3, 4, 5 వేళ్ళే ఒకదాని మీదుగా ఒకటి దాటుకుంటూ మోస్తాయి. బొటనవేలు లేని ఆ పాత నడక మళ్ళీ వచ్చింది, అది కూడా పియానో సాహిత్యంలో అతి కష్టమైన పేజీల్లో ఒకటిగా. చెయ్యి, వేగం, రచన ఏది అడిగితే ఆ వేళ్ళు. మీ మాస్టారికి ఇది మనకంటే బాగా తెలిసే ఉంటుంది. ఒకసారి వెళ్ళి రెండు పద్ధతుల్లోనూ వాయించి వినిపించండి. చూపు తగ్గినా వినికిడి ఉందిగా. ఏ పరుగు సమంగా ఉందో ఆయన చెవి చెప్పేస్తుంది.

నొప్పి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఇరవై నిమిషాలకు లాగుతోందంటే పదిహేనుకే ఆపండి, చెయ్యి దులిపి లేవండి. నా ఊహ ఇది: బి నుంచి సి మీదికి ఎగరాల్సి వస్తుందని మీ బొటనవేలు ముందునుంచే అరచేతి కిందికి ముడుచుకుని సిద్ధంగా ఉంటోంది, ఆ ముడుచుకోవడంలోనే బిగుసుకుంటోంది. 1-3లో బొటనవేలు కిందికి దూరాల్సిన పనే దాదాపు లేదు. అది తన గోటి పక్క అంచు మీద వాలి, నల్ల మెట్లు మొదలయ్యే గీతకు కొంచెం ఇవతల తెల్ల మెట్ల మీద నడుస్తుంది. మధ్యవేలు నల్ల మెట్టు ముందు కొసన, ఒక వేలి కొన పట్టేంత లోపల మాత్రమే నిలబడుతుంది. రెండిటి మధ్యా దూరం చాలా తక్కువ. మోచెయ్యి పక్కకి జరుగుతూ ఉంటే వేళ్ళు దాని వెంట పోతాయి. వాయించనప్పుడు కూడా నొప్పి ఉంటే, సీసా మూత తిప్పినా కలుక్కుమంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి. పరీక్ష ఇంకోసారి వస్తుంది.

సాధన ఎలా అంటే, ముందు రెండు వారాలు స్కేల్ మొత్తం వాయించొద్దు. మీరు 1-3 ఎంచుకున్నారనుకుని చెప్తున్నాను. డి షార్ప్, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, ఈ నాలుగే వెళ్ళి రండి. కుడి చేతికి 3-1-2-3, ఎడమ చేతికి 3-2-1-3. నంబర్లు పైకి అంటూ వాయించండి. నోరు ఒకటి అని చెయ్యి ఇంకోటి చేస్తే అక్కడే దొరికిపోతుంది. తర్వాత ఎ షార్ప్, బి, సి, సి షార్ప్, అవే వేళ్ళు. ఒక్కో చెయ్యి విడిగా తడబడకుండా వచ్చాకే రెండూ కలపండి. కలిపినప్పుడు కుడి 1-2 అనే చోట ఎడమ 2-1 అంటుంది. మొదట నవ్వొస్తుంది, నాలుగు రోజులకు అలవాటవుతుంది. మొత్తం స్కేల్‌కి వచ్చాక బీట్ ఏ మెట్టు మీద పడుతోందో వినండి. నాలుగేసి స్వరాలైతే సి, ఇ, జి షార్ప్. మూడేసి అయితే సి, డి షార్ప్, ఎఫ్ షార్ప్, ఎ. రోజు మార్చి రోజు ఒక్కోలా వాయించండి. నొక్కు బీట్ మీద పడటం అలవాటైతే బొటనవేలు తన ఇష్టమొచ్చిన చోట గట్టిగా పడటం మానేస్తుంది. 72 జోలికి నాలుగో వారం దాకా వెళ్ళకండి.

ఇక తాజా కలం. వేళ్ళు లావుగా ఉన్నవాళ్ళు ఫింగరింగ్ ఎంచుకునేటప్పుడు ఇది చిన్న విషయమేం కాదు. టీచర్ గారి వరసలో డి మీద, ఎ మీద 3 పడుతుంది. ఆ రెండూ నల్ల మెట్ల మధ్యలో ఇరుక్కున్న తెల్లవి. 2, 4 వేళ్ళు రెండు పక్కలా నల్లవాటి మీద ఉంటే, మధ్యవేలు ఆ సందులోకి దిగాల్సి వస్తుంది. మీ వేలు పక్క మెట్టుకు రాసుకుంటోందంటే అది మీ తప్పు కాదు. మాస్టారి పద్ధతిలో ఆ రెండు చోట్లా బొటనవేలు ముందు భాగంలోనే నొక్కుతుంది, సందులోకి వెళ్ళే పనే లేదు. నేను చెప్పిన మధ్యేమార్గంలో ఒక్క ఎ మీదే ఈ ఇబ్బంది మిగులుతుంది. పాఠానికి వెళ్ళినప్పుడు ఇది కూడా టీచర్ గారికి చూపించండి. ఆవిడ వేళ్ళు సన్నగా ఉంటే ఈ కష్టం ఆవిడకి తట్టి ఉండకపోవచ్చు.

ఫర్ ఎలీస్‌లో ఆ పరుగు పైనుంచి సెమీటోన్లలో, అంటే ఒక్క మెట్టూ వదలకుండా దిగి, చివర ఎఫ్ నుంచి నేరుగా మొదటి పాటలోకి, ఇ, డి షార్ప్, ఇ, డి షార్ప్‌లోకి పడుతుంది. మామూలు 1-3 వేళ్ళతో దిగితే ఎఫ్ షార్ప్ మీద 3, ఎఫ్ మీద 2, ఇ మీద 1 వస్తుంది. ఇ మీద బొటనవేలు పడ్డాక పక్కనే డి షార్ప్‌కి వేలు లేదు, పాట అక్కడే తడబడుతుంది. అందుకని చివర్లో ఒక్క మెట్టు ముందే సర్దుకోవాలి: జి మీద 1, ఎఫ్ షార్ప్ మీద 3, ఎఫ్ మీద మళ్ళీ 1, దాని మీదుగా 4ని దాటించి ఇ మీద పెట్టండి, డి షార్ప్ మీద 3. ఆ 4 పడే చోట పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టుకోండి. మొదట ఆ ఐదు స్వరాలే, జి నుంచి డి షార్ప్ దాకా, పాటలోకి ఎంత మెత్తగా దిగుతున్నారో వింటూ వాయించండి. పైనున్న మిగతా పరుగు తర్వాత కలుపుకోవచ్చు.